స్లాబుకు ముందే పడాల్సిన పైపు

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి చూడండి. ఇంటర్నెట్ సంగతి గృహప్రవేశం అయ్యాక చూసుకుందాం అంటారు. అప్పటికి గోడలకు పుట్టీ, రంగులు అయిపోతాయి. కేబుల్ ఆయన వచ్చి కిటికీ పక్కన డ్రిల్లు పెడతాడు, నల్లటి తీగ హాలు గోడ పొడుగునా క్లిప్పులతో పాకుతుంది. అందుకే ఫైబర్ ఇంటర్నెట్ ఖర్చును సెంట్రింగ్ నాటి నుంచే లెక్క వేసుకోవాలి.

స్లాబుకు ఇనుము కట్టి, ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ బాక్సులు, పైపులు పరిచేటప్పుడే మరో పైపు అడగండి. వీధి వైపు గోడ నుంచి హాల్లో టీవీ వచ్చే చోటిదాకా 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు చాలు. మలుపుల్లో ఎల్బోలు వద్దు, బెండ్లు వేయించాలి. బయటి మూతి కిందికి వంగి ఉంటే వాన నీళ్లు లోపలికి దిగవు. పైపులో ఒక జీఐ తీగ లాగి వదిలేస్తే, రేపు కేబుల్‌ను దానికి కట్టి లాక్కోవచ్చు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని కలపనివ్వకండి. ఫైబర్‌లో కరెంటు పారదు గానీ, స్తంభం నుంచి ఇంటికి లాగే కేబుల్‌కు చాలాసార్లు బలం కోసం ఉక్కు తీగ జోడించి ఉంటుంది.

పై అంతస్తు వేస్తుంటే, రౌటర్ పెట్టే చోటి నుంచి పైకి ఇంకో పైపు, అందులో క్యాట్‌-6 తీగ వేయించాలి. వైఫై సిగ్నల్ స్లాబు దాటేసరికి నీరసిస్తుంది. ఈ దశలో ఇదంతా కొన్ని మీటర్ల పైపు, రెండు బాక్సుల ఖర్చు. ఎలక్ట్రికల్ సామాను బిల్లులోనే కలిసిపోతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక గుర్తొస్తే గోడ కోత, మళ్లీ సిమెంటు, మళ్లీ రంగు.

ఇక వీధిలోకి. కంపెనీ పేరు తేల్చుకునే ముందు, "అన్నా, మాకు దగ్గర్లో డబ్బా ఏ పోల్ మీదుంది?" అని కేబుల్ ఆయన్ను అడగండి. ఆపరేటర్ దగ్గర నుంచి వచ్చే ఒక్క పోగును ఆ డబ్బాలోని స్ప్లిట్టర్ ఎనిమిది ఇళ్లకో, పదహారు ఇళ్లకో పంచుతుంది. అందులో ఖాళీ ఉండి, ఇల్లు దగ్గరైతే పని తేలిక. ఊరి బయటి కొత్త వెంచర్లలో డబ్బా ఉండకపోవచ్చు. అప్పుడు మీటర్ల లెక్కన కేబుల్, కొత్త పోల్ అన్నీ మన లెక్కలోకి రావచ్చు. ఒక్క ఇంటి కోసం లైను లాగమంటే ఆపరేటర్ వెనకాడతాడు. చుట్టుపక్కల నాలుగిళ్లు కలిసి అడిగితే డబ్బానే తెచ్చి పెట్టే అవకాశం ఉంది.

ఏ స్తంభం మీదుగా లాగుతారో కూడా అడిగి తెలుసుకోవాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు సోకి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను తెంపేసింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలూ అదే సంస్థ పరిధిలోవి. కరెంటు తీగలకు ఆనుకుని కేబుల్ లాగనివ్వకండి. గేటు నుంచి గోడ దాకా నల్లా పైపు కోసం ఎలాగూ తవ్విస్తారు కదా, అప్పుడే ఓ ఖాళీ పైపు కూడా పూడ్పించండి.

పల్లెల్లో కడుతున్నవాళ్లు పంచాయతీలోనూ కనుక్కోవాలి. మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ ఇంటర్నెట్ గొట్టాలు వేశారు. 2024 డిసెంబరులో ఆ కనెక్షన్లు ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో పక్కనే ఉన్న నారాయణపేట జిల్లా మద్దూరు కూడా ఉంది. ప్రజల డబ్బుతో వేసిన ఆ గొట్టాల్లోంచి ఇళ్లకు కనెక్షన్లు త్వరగా రావాలని గట్టిగా అడగడం మన హక్కు.

డబ్బు మాట్లాడేటప్పుడు నాలుగు అంకెలు విడివిడిగా రాయించుకోవాలి: బిగింపు చార్జీ, డిపాజిట్, అదనపు కేబుల్, నెల ప్లాను. ప్లాను మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 2020లో బీఎస్‌ఎన్‌ఎల్ తెచ్చిన 449 రూపాయల ప్లానునే తీసుకుంటే, పన్నుతో 529.82 అవుతుంది, ఏడాదికి దాదాపు 6,358. "ఇన్‌స్టాలేషన్ ఫ్రీ" అంటే చాలాసార్లు ఆరు నెలలకో, ఏడాదికో డబ్బు ముందే కట్టాలని అర్థం. గోడకు బిగించి ఫైబర్ తగిలించే ఓఎన్‌టీ పెట్టె ఎవరిదో కూడా రాయించండి. కంపెనీదైతే కనెక్షన్ మానేసిన రోజు తిరిగి ఇవ్వాలి, డిపాజిట్ ఉంటే వెనక్కి అడగాలి.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సింది జాయింటు. బిగించడానికి వచ్చిన కుర్రాడు కేబుల్ తొడుగు ఒలిచి, లోపలి పోగు మీది పైపూత తీసి, దాన్ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తాడు. పైపూత పోయాక మిగిలే గాజు 125 మైక్రాన్ల మందం, ఇంచుమించు మన వెంట్రుకంత. దాని కొసను క్లీవర్‌తో నిటారుగా కోస్తాడు. స్ప్లైసింగ్ మెషీన్‌లో రెండు కొసలు ఎదురెదురుగా పెడితే, తెర మీద రెండు కడ్డీల్లా కనబడతాయి. ఒక్క క్షణం మెరుపు, కడ్డీలు ఒక్కటవుతాయి. దాని మీదికి చిన్న గొట్టం జరిపి వేడిచేస్తే అతుకు గట్టిపడుతుంది. ఇక్కడ దుమ్ము పడినా, కోత వంకరపోయినా తర్వాత నెలల తరబడి లైను తెగుతూ ఉంటుంది. విరిగిన గాజు ముక్కలు నేల మీద వదలకుండా టేపుకు అంటించి తీయించండి, ఇంట్లో పిల్లలుంటే మరీ ముఖ్యం.

తర్వాత ఫైబర్‌లో వచ్చే వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెట్టమనండి. మైనస్ 18, మైనస్ 20 డీబీఎం అలా వస్తే బాగున్నట్టే. మైనస్ 27 దరిదాపుల్లో ఉంటే, ఆరోజు నెట్ వచ్చినా ఒప్పుకోకండి. మలుపులు, జాయింట్లు మళ్లీ చూడమనండి. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకుంటే, రేపు ఓఎన్‌టీ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగినప్పుడు ఫిర్యాదుకు పనికొస్తుంది. ఆఖరున వైఫై మీద కాకుండా ల్యాన్ తీగతో ల్యాప్‌టాప్ కలిపి వేగం కొలిపించి, ప్లానులో చెప్పినంత వస్తే సంతకం పెట్టండి.