విద్యుత్తు పోయినను చెడని జ్ఞాపకము

విద్యార్థులారా! వర్షకాలమున సాయంసమయమందు విద్యుద్దీపము లాఱిపోవుట మీరెఱుగనిది కాదు. అట్టి వేళ కంప్యూటరుపై వ్రాయుచు, భద్రపఱుపని వ్యాసము మరల కానరాక పోవచ్చును. రాజమహేంద్రవరమునందలి గౌతమీ గ్రంథాలయములోని తాళపత్రములో, చీకటిలో నున్నను ఒక్క యక్షరమునైన కోల్పోవు. ఈ భేదమునకు కారణమేమి?

కంప్యూటరు పని చేయునపుడు వాడుకొను జ్ఞాపకశాల సిలికాను పలకపై నిర్మింపబడును. దీని విధానమును 1966లో రాబర్టు డెన్నార్డు అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఇందలి ఒక్కొక్క గది చిల్లికుండ వంటిది. విద్యుదావేశము నిండియున్నచో 1, లేనిచో 0 అని యర్థము. ఆవేశము కాఱిపోవుచుండును గావున, సామాన్యముగా 64 మిల్లీసెకండుల కొకమాఱు చదివి మరల నింపవలెను. విద్యుత్తు నిలిచినచో నింపుట యుండదు, జ్ఞాపకము నశించును. యంత్రము ఊరక యున్నను ఈ నింపుటకు శక్తి వ్యయమగుచునే యుండును.

చిల్లికుండకు మాఱుగా మన గోదావరి కాలువల లాకు తలుపును తలపోయుడు. మూసినచో మూసినట్లే, తెఱచినచో తెఱచినట్లే యుండును. మార్చునపుడు మాత్రమే శ్రమ. ఇట్టి స్వభావము గల పదార్థములనే శాస్త్రజ్ఞులు వెదకిరి. వానిలో మూడింటిని చెప్పెదను.

మొదటిది అయస్కాంత జ్ఞాపకము. రెండు అయస్కాంతపు పొరల నడుమ మిక్కిలి పలుచని నిరోధకపు పొర యుండును. అయస్కాంతములు ఏకముఖముగ నున్న విద్యుత్తు సులభముగను, విముఖముగ నున్న కష్టముగను దాటును. ఇది 2006 నుండి విక్రయమున నున్నది.

రెండవదానికి మూలము 1968లో ఓవ్‌షిన్‌స్కీ ప్రకటించిన పరిశోధన. పంచదార పాకము త్వరగా చల్లార్చిన గాజువలెను, మెల్లగా నాఱనిచ్చిన కలకండవలెను అగును గదా! అట్లే కొన్ని మిశ్రధాతువులు వేడిమిచే రెండు రూపములు పొందును. ఒక రూపము విద్యుత్తును బాగుగా పోనిచ్చును, రెండవది అడ్డగించును.

మూడవది 1971లో లియాను చువా గణితముచే ఊహించిన స్మృతినిరోధకము. 2008లో హ్యూలెట్-పాకార్డు శాస్త్రజ్ఞులు టైటానియము డయాక్సైడు పొరతో దానిని చేసి చూపితి మనిరి. తెల్లరంగులలో వాడు పదార్థమిదియే. భీమునిపట్నపు సముద్రతీరమున నల్లని యిసుకలో దొరకు ఇల్మనైటునందు టైటానియము గలదు.

ఇవి సిలికానును వెడలగొట్టినవని తలపరాదు. తఱచుగా సిలికాను పలకపైననే వీనిని పఱచుదురు. ధరయు నొక యాటంకము. ఇంటెలు, మైక్రాను సంస్థలు 2015లో ప్రకటించిన త్రీడీ ఎక్స్‌పాయింటు అను జ్ఞాపకము నుండి ఇంటెలు 2022లో విరమించుకొనెను.

తాళపత్రములకును చెదలున్నవి. అందుచేతనే పూర్వులు తరతరమునకు ప్రతులు వ్రాసిరి. బ్రౌను దొర జీర్ణించు ప్రతులను వెదకి కాగితముపై వ్రాయించెను. ఎట్టి జ్ఞాపకమునకైనను కాపరి యొకడు కావలెను. మీరు వ్రాసినదానికి రెండవ ప్రతి యుంచుకొనుడు. చదివినదానిని మరల చదువుడు.