సద్వర్తనము – భగవద్విశ్వాసము

"దైవమును నమ్మకపోయినను మంచివాడుగా జీవించిన చాలదా?" అని నేటి యువకులు ప్రశ్నించుచున్నారు. "తిరునామము ధరించి నిత్యము కోవెలకు పోవువాడు పొరుగువానిని వంచించుచుండగా, ఆ భక్తి వలన ప్రయోజనమేమి?" అనియు అడుగుచున్నారు. ఇది కోపముతో త్రోసివేయవలసిన ప్రశ్న గాదు. మన సంప్రదాయమున దీనికి స్పష్టమైన సమాధానము కలదు.

మన కృష్ణాతీరముననే ఈ విషయమున కొక ఉదాహరణము కలదు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) బ్రాహ్మణ కుటుంబమున జన్మించి నాస్తికులైరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. అస్పృశ్యతా నివారణము, సహపంక్తి భోజనములు, కులాంతర వివాహములు — వీనికే వారు తమ జీవితమును ధారపోసిరి. రామనామమే ఊపిరిగా జీవించిన గాంధీమహాత్ముడు ఆ నాస్తికుని దూరముంచలేదు. తామిరువురును సత్యాన్వేషకులే యని భావించెను. గోరాగారి పెద్దకుమార్తెకును, నాడు హరిజనులని వ్యవహరింపబడిన వర్గమునకు చెందిన యువకునికిని సేవాగ్రామమున వివాహము జరిపించుటకు సమ్మతించెను. ఆ వివాహ విధిలో దైవనామమునకు బదులు సత్యమును నిలుపుటకును అంగీకరించెను. 1948 జనవరి 30న మహాత్ముడు అస్తమించుటచే, ఆ మార్చి మాసమున ఆయన లేకయే సేవాగ్రామమున ఆ వివాహము జరిగినది.

అదే కాలమున, తోటి మానవుని ఊరిబావి చెంతకు రానీయని ఆస్తికులును మన పల్లెలలో అనేకులుండిరి. ఈ ఇరు తెగలలో భగవంతునికి ప్రీతిపాత్రులెవ్వరు? మన అభిమానములను ప్రక్కనుంచి శాస్త్రమునే అడుగుదము.

గీతాచార్యుడు పండ్రెండవ అధ్యాయమున తనకు ప్రియుడైన భక్తుని లక్షణములను చెప్పుచు, ఏ ప్రాణిని ద్వేషింపకుండుటను మొట్టమొదట పేర్కొనెను. మైత్రి, కరుణ దాని వెంటనే వచ్చినవి. భాగవతము తృతీయ స్కంధమున కపిలభగవానుడు దేవహూతికి బోధించుచు, సర్వభూతములందున్న తన్ను అవమానించి విగ్రహమును మాత్రమే అర్చించువాని పూజ వ్యర్థమని తేల్చిచెప్పెను. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున భక్తికి సాధనములుగా వివేకాదులైన ఏడింటిని పూర్వాచార్యుల వాక్యమును అనుసరించి చూపిరి. అందొకటి కల్యాణము. సత్యము, ఆర్జవము, దయ, దానము, అహింస, పరద్రవ్యము నాశింపకుండుట — ఇవియే కల్యాణము. ఇవి లేనిచోట భక్తి నిలువదని ఆచార్యుల ఆశయము.

శరణాగతి అంగములను గమనింపుడు. మొదటిది ఆనుకూల్య సంకల్పము, రెండవది ప్రాతికూల్య వర్జనము. సర్వప్రాణులు భగవంతునికి శరీరము గనుక, వానికి హితము గోరుటయే ఆయనకు అనుకూలముగా నుండుట. వానికి కీడు మానుటయే ప్రతికూలమును విడుచుట. మహావిశ్వాసము వీని తరువాత మూడవదిగా చెప్పబడినది. కనుక పరులను హింసించుచు "నాకు స్వామిపై అచంచల విశ్వాసము గల"దనువాడు మొదటి రెండు మెట్లును ఎక్కకయే మూడవ మెట్టుపై నిలిచితిననుచున్నాడు. వానికంటె పరహితపరుడైన నాస్తికుడే స్వామికి దగ్గరివాడనుటకు మనము సంకోచింపనక్కరలేదు. అతని హృదయముననున్న దయ అంతర్యామి ప్రేరణమే యని మన సిద్ధాంతము. అతడు దీనిని అంగీకరింపకపోవచ్చును. బలవంతముగా అంగీకరింపజేయుట మన పని గాదు.

"అట్లయిన విశ్వాసముతో పనియేమి? మంచితనమే చాలును గదా!" యని పూర్వపక్షము. దీనికి రెండు సమాధానములు.

మొదటిది: సత్కార్యము వెనువెంటనే "నేను చేసితిని" అను అహంకారము తలయెత్తును. ఉపకారము పొందినవాడు కృతజ్ఞత చూపనిచో ఆ మంచితనమే కోపముగా మారును. తాను నిమిత్తమాత్రుడననియు, చేయించువాడు స్వామి యనియు తలచువానికి ఈ బాధ లేదు. శరణాగతిలో కార్పణ్యమనగా ఈ అహంకార త్యాగమే.

రెండవది: మంచితనమొక్కటే అర్హతయైనచో, తప్పు చేసి కుమిలిపోవువానికి గతి యేమి? తన బలముతో లేవలేని వానికి ఆధారమెవ్వరు? మిక్కిలి దురాచారుడైనను అనన్యముగా తన్ను భజించినచో శీఘ్రముగా ధర్మాత్ముడగునని తొమ్మిదవ అధ్యాయమున స్వామి అభయమిచ్చెను. అట్టివాడు దురాచారుడుగనే యుండవచ్చునని చెప్పలేదు. పడినవానిని లేవనెత్తి సన్మార్గమున నడిపించుటయే విశ్వాసము చేయు పని. కావున విశ్వాసము సద్వర్తనమునకు బదులు గాదు, దానికి మూలబలము.

2015లో పట్టిసీమ నుండి వచ్చిన గోదావరీ జలములు మా ఇబ్రహీంపట్నము ఫెర్రీ వద్ద కృష్ణలో కలిసినవి. ఆ తావు పవిత్ర సంగమమని పేరొందినది. అచ్చటికి స్నానార్థమై వచ్చు యాత్రికులకు నా మనవి యొక్కటే. గోవిందనామము నుచ్చరించుచు మునుగుడు. ఒడ్డునకు రాగానే, ఆ మెట్లను ఊడ్చు కార్మికునితో ఆదరముగా మాటాడుడు. ఆతని కులమడుగకుడు. ఇంటికి పోయిన పిదప, ఎవరికైన బాకీయున్నచో తీర్చుడు. ఎవరి మనసైన నొప్పించియున్నచో క్షమాపణ వేడుడు. నాస్తికుని ప్రశ్నకు వైష్ణవుడు వాదముతో గాక వర్తనముతో సమాధానము చెప్పవలెను. అట్టి వర్తనమును శ్రీనివాసుడు మనకెల్లరకు అనుగ్రహించుగాక!