నల్ల కారుపై సన్న గీతలు: తప్పు పొడిగుడ్డదే

నారాయణగూడ అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే కనిపించే సీన్: ఒక బకెట్, ఒక పాత గుడ్డ, వరసగా పది కార్లు. మీది నల్ల కారైతే రాత్రి సెల్లార్‌లో ఫోన్ ఫ్లాష్ వేసి బానెట్ చూడండి. సాలెగూడులా గుండ్రంగా గీతలుంటాయి. తెల్ల కారుకీ ఉంటాయి, కనిపించవంతే. నా కారుకి ఏడాదిలోనే వచ్చేశాయి.

ఫోన్ స్క్రాచ్ టెస్ట్ వీడియోలు చూసేవాళ్లకి కారణం ఇట్టే అర్థమవుతుంది. హైదరాబాద్ నిలబడిందే గ్రానైట్ మీద. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేల్‌పై 7. ఫోన్ గ్లాస్‌నే గీసేస్తుంది. కారు రంగు మీదుండే క్లియర్ కోట్ గ్లాస్ కంటే చాలా మెత్తన, మందం సుమారు 40-50 మైక్రాన్లు. అలాంటి దుమ్ము మీద పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితం పట్టినట్టే.

అందుకే ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ. నీడలో, పైనుంచి కిందికి పోసి దుమ్మంతా జారనివ్వండి. షాంపూకి ఒక బకెట్, మైక్రోఫైబర్ గ్లవ్ జాడించడానికి మంచినీళ్ల బకెట్ ఇంకోటి. ప్రతి డోర్ తర్వాతా జాడించాలి. బోర్ కొడుతుంది, కానీ అసలు పని అదే. చక్రాలకి వేరే గుడ్డ. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, వ్యాక్స్ పోతుంది. బోరు నీళ్లయితే ఆరేలోపే శుభ్రమైన మైక్రోఫైబర్ టవల్‌తో అద్దండి, లేదంటే తెల్ల మచ్చలు పడతాయి. టవల్ కింద పడిందా, ఉతికేదాకా ముట్టుకోవద్దు.

ఇక రోజూ తుడిచే మనిషితో "అన్నా, పొడిగుడ్డ పెట్టకు, దుమ్ముంటే ఉండనీ" అని చెప్పండి. డబ్బులు మాత్రం తగ్గించకండి.