ఇంటి పొందిక – పసివారి మొదటి పాఠము

వీధులు శుభ్రముగా నుండవలెనని పంచాయతీలు తీర్మానించును, కాలువలు తీయించును, చెత్తబండ్లు నడిపించును. కాని వీధిలోనికి వచ్చు చెత్త ఇంటినుండియే వచ్చును. ఇంటి అలవాటు పసితనముననే పాదుకొనును. కావున పిల్లలకు వస్తువును దాని చోట నుంచుట నేర్పుట తల్లిదండ్రుల పనియే యైనను, పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన విషయము.

ఆగిరిపల్లి ప్రాంతమునే తీసికొందము. నూజివీడు మామిడి సీమలోని ఈ గ్రామము 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. వేసవిలో ఇక్కడి ఇండ్లలో రసములు, బంగినపల్లి కాయలు గడ్డిలో మాగుచుండును. ఆవకాయల కాలమును, బడి సెలవులును అప్పుడే. నట్టింట గడ్డి, టెంకలు, తొక్కలు; వానిపై ఈగలు. ఆ ఇంటనే కాయలు కొట్టు కత్తియు, తోటకు చల్లు పురుగుమందు డబ్బాయు ఉండును. ఏ వస్తువునకును నియతమైన చోటు లేని ఇంట మందు సీసాకు మాత్రము చోటెక్కడిది? నడక నేర్చిన బిడ్డకు నీళ్ల సీసాకును, మందు సీసాకును భేదము తెలియదు. కావున సర్దుబాటు ఇంటి అందమునకే కాదు, బిడ్డ ప్రాణరక్షణకును అవసరము.

పిల్లలకు పని యనిన ఇష్టముండదని పలువురు తలంతురు. ఇది సరికాదు. 1907లో రోము నగరమున శాన్ లొరెంజో అను పేదల పేటలో మరియా మాంటిస్సోరి బాలగృహమును తెరచినది. మొదట అక్కడి ఉపాధ్యాయినియే వస్తువులను పంచి, తిరిగి తానే బీరువాలో నుంచి తాళము వేయుచుండెను. పిల్లలు వానిని తామే యథాస్థానమున నుంచ గోరుచున్నారని మాంటిస్సోరి కనిపెట్టినది. తరువాత వారి చేతికందు చిన్న బీరువాలు ఏర్పాటు చేయబడెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అంతకు పూర్వమే, 1920లో, గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును నెలకొల్పిరి. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పేరిట పిల్లల బడిని స్థాపించిరి.

ఇంటిలో నేర్పు విధము ఇట్లుండవలెను.

మొదటిది: చోటు బిడ్డ ఎత్తున నుండవలెను. గోడకు తక్కువ ఎత్తున రెండు మేకులు, ఆటవస్తువులకొక పాత గంప, చెప్పులకొక మూల చాలును. ఖర్చేమియు లేదు.

రెండవది: వయస్సునుబట్టి పని ఈయవలెను. రెండు మూడేండ్ల బిడ్డ ఒక వస్తువును తెచ్చిన చోటనే పెట్టగలదు. నాలుగైదేండ్లవారు వేరుచేయుట నేర్తురు. మామిడి రాశియే వారికి మంచి పాఠ్యపుస్తకము: పండినవి ఒక ప్రక్క, దోరవి ఒక ప్రక్క, దెబ్బతిన్నవి వేరొక చోట. కుళ్లిన పండు ప్రక్క పండ్లను చెరచునని రెండు దినములలో వారే చూతురు. తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేయుటయు ఇదే పాఠము. ఆరేడేండ్లవారు తమ బట్టలు మడచి, బడిసంచి రాత్రియే సర్దుకొనగలరు.

మూడవది: "సర్దు" మని కేక వేసిన బిడ్డకు అర్థము కాదు. ఒకమారు మెల్లగా చేసి చూపవలెను. బిడ్డ వంకరగా మడచిన బట్టను ఆమె యెదుటనే విప్పి మరల మడవరాదు. అట్లు చేసిన ఉత్సాహము చచ్చును.

నాలుగవది: ఈ పని ఆడపిల్లకు మాత్రమే అప్పగింపరాదు. తండ్రి తన కండువాను కొక్కెమునకు తగిలించిననాడు కొడుకు వేరే బోధ లేకయే నేర్చును.

ఒక హెచ్చరిక: పురుగుమందు డబ్బాలను, కత్తులను సర్దుట పెద్దల పని. మందులను తాళము వేసిన చోట నుంచవలెను. ఖాళీ డబ్బాలలో నీరు గాని, నూనె గాని పోయరాదు.

పంచాయతీ చేయదగినదేమి? 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యయు, స్త్రీ శిశు అభివృద్ధియు కలవు. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు నడచుచున్నవి. మీ వార్డులోని కేంద్రమును ఒకమారు చూడుడు. ఆటవస్తువులు పిల్లల చేతికందునట్లున్నవా, లేక పై అరలో భద్రముగా నున్నవా? ఒక చిన్న అలమారు చేయించుట పెద్ద వ్యయము కాదు. అక్కడ నేర్చినదానిని బిడ్డ ఇంటికి తీసికొనిపోవును.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు:

1. మన యిండ్లలో పురుగుమందులు ఎక్కడ నుంచబడుచున్నవి?
2. పిల్లల వస్తువులకు వారి ఎత్తున చోటు కలదా?
3. సర్దు పనిలో మగపిల్లల పాలెంత?
4. అంగన్‌వాడీకి ఈ యేడు మనము ఏమి సమకూర్పగలము?