రెండో బ్యాటరీ పెడితే చాలదు

పాన్‌గల్ కోట గుట్ట కింద ఒక తెల్లవారుజామున, పల్లీ బస్తాలతో వనపర్తి మార్కెట్టుకు పోవలసిన పాత లారీ కదలకుండా నిలిచిపోయింది. రాత్రంతా లోడింగు దీపాలు వెలిగాయి మరి. "రెండు బ్యాటరీలు పెట్టిచ్చిన, అయినా సెల్ఫు తిరుగుతలేదేంది సారూ?" అన్నాడు డ్రైవరు. చదువుకున్న ఓమ్ సూత్రం నాకు నిజంగా పనికొచ్చింది ఆ రోజే.

అది 12 వోల్టుల బండి. రెండో బ్యాటరీని మొదటిదానికి ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి వదిలేశారు. అట్లా కలిపితే రెండూ ఒకే పెద్ద బ్యాటరీ అయిపోతాయి. దీపాలు రెండింటినీ పీల్చేస్తాయి. ఇంజను తిరిగేటప్పుడు కలవాలి, ఆగగానే విడిపోవాలి. కిటుకంతా ఇక్కడే ఉంది.

డయోడు పెట్టమంటారు కొందరు. సిలికాన్ డయోడులో సుమారు 0.7 వోల్టు పోతుంది. ఆల్టర్నేటరు 14.2 ఇస్తే బ్యాటరీకి చేరేది 13.5, ఎంత తిరిగినా దాని కడుపు నిండదు. నేను రిలే వైపే మొగ్గాను. అయితే రిలే కాయిలుకు కరెంటు తాళంచెవి స్విచ్చి నుంచి ఇవ్వకూడదు. ఇస్తే సెల్ఫు కొట్టేటప్పటికే రెండు బ్యాటరీలూ కలిసిపోయి, ఆ భారం కొంత సన్న వైరు మీద పడుతుంది. ఆల్టర్నేటరులో ఛార్జింగు దీపానికి పోయే కొన నుంచి తీసుకోవాలి. ఛార్జింగు మొదలైతేనే అక్కడ పూర్తి వోల్టేజి వస్తుంది. ఆ కొన ఎక్కువ కరెంటు మోయలేదు కనుక చిన్న రిలేతో పెద్ద రిలేను పనిచేయించాను.

ఇక వైరు. వాళ్లు వేసింది 2.5 చదరపు మిల్లీమీటర్లది, 4 మీటర్లు. నిరోధం 0.028 ఓములు. 30 ఆంపియర్లకు 0.84 వోల్టు దారిలోనే పాయె! 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది 0.13 వోల్టే. ఫ్యూజులు రెండు కావాలి, ఒక్కో బ్యాటరీ ప్లస్ పక్కన ఒక్కోటి. వైరు ఒరుసుకుని చాసిస్‌కు తగిలితే కరెంటు రెండు వైపుల నుంచీ దూకుతుంది కదా. సీటు కింద పెట్టిన బ్యాటరీని కూడా బయటికి తెప్పించాను. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ క్యాబినులో చేరడం మంచిది కాదు.

అన్నట్టు, 24 వోల్టుల లారీల్లో పాటల సెట్టు కోసం రెండింటిలో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగడం మనవాళ్లకు అలవాటు. ఆ ఒక్కటి ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది, రెండోది అతిగా ఛార్జయి నీళ్లు కోల్పోతుంది. చివరికి రెండూ చెడతాయి. కన్వర్టరు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మర్నాడు పొద్దున మీటరు పెట్టి చూస్తే దీపాల బ్యాటరీ 11.9, ఇంజను బ్యాటరీ 12.6. సెల్ఫు ఒక్క కొట్టుకే లేచింది.

"ఇగ తోసుడు తప్పింది" అన్నాడు డ్రైవరు.