వర్క్ అవుతోంది సరే, ఎందుకవుతోంది?

ప్రోగ్రాం రాశారు, రన్ చేశారు, స్క్రీన్ మీద 42 వచ్చింది. రావాల్సిందీ అదే. ‘వర్క్ అవుతోంది కదా’ అని లాప్‌టాప్ మూసేయకండి. ఎందుకు వర్క్ అవుతోందో చెప్పగలరా?

సీ భాషలో చిన్న ఉదాహరణ. ఫ్లవర్ బ్రాకెట్ల లోపల ఎక్స్ అనే వేరియబుల్, విలువ 42. దాని అడ్రస్‌ను బయటున్న పాయింటర్‌లో పెట్టారు. బ్రాకెట్ మూసుకోగానే ఎక్స్‌కు కాలం చెల్లింది. కింది లైన్లో ఆ పాయింటర్‌తో దాన్నే చదివారు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన గదిలోకి పాత తాళంచెవితో వెళ్లడమే ఇది. ఇంకా ఎవరూ దిగలేదు కాబట్టి పాత సామాను కనిపించింది. ఆప్టిమైజేషన్ పెంచినా, మధ్యలో ఇంకో వేరియబుల్ చేర్చినా ఏమొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటివి సీనియర్ల కంటికీ ఆనవు. అందుకే గూగుల్ ఇంజనీర్లు మెమరీ తప్పులు పట్టే అడ్రస్‌శానిటైజర్ అనే టూల్ తయారుచేసి, 2012లో దానిపై పరిశోధనా పత్రం ప్రచురించారు. క్లాంగ్, జీసీసీ కంపైలర్లు రెండింట్లోనూ ఉంది, ఉచితం. ప్రతి 8 బైట్ల మెమరీకీ ఒక బైటు లెక్క పక్కన రాసుకుంటుంది. స్కోప్ ముగియగానే ఎక్స్ ఉన్న చోటుకు నిషేధం గుర్తు పెడుతుంది. ఆ చోటును చదివితే ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపి, ‘స్టాక్ యూజ్ ఆఫ్టర్ స్కోప్’ అని చెబుతుంది. డీబగ్ సమాచారంతో కంపైల్ చేస్తే లైన్ నంబరూ చూపిస్తుంది. వేరియబుల్ పేరూ ఉంటుంది.

ఆ ఎర్రక్షరాలు చూడగానే చాలామందికి గుండె జారిపోతుంది, శానిటైజర్‌నే ఆఫ్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పు చూపించేవాళ్లను దూరం పెట్టేవాడు ఎదగడు. ఈ వృత్తిలో మరీను. రిపోర్టును పైనుంచి చదవండి, అది చూపిన తప్పునే దిద్దండి. స్టాటిక్ అని తగిలించి నోరు నొక్కేయడం దిద్దుబాటు కాదు. విలువ బయట కావాలా? వేరియబుల్‌ను బయటే ప్రకటించండి, లేదా విలువను కాపీ చేసుకోండి.

శానిటైజర్‌తో నడిపే ఈ అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి, గడువు ముంచుకొచ్చాక కాదు. వేగం సుమారు సగానికి పడిపోతుంది కాబట్టి కస్టమర్‌కిచ్చే బిల్డ్‌లో వద్దు, టెస్టింగ్ బిల్డ్‌లో మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఒక్క మాట: రన్ అయిన కోడ్‌లోనే ఇది తప్పు పట్టగలదు. ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే నడిచే ఇఫ్ బ్లాకులున్నాయి చూశారూ, ముందు వాటికి టెస్టులు రాయండి.