విద్యుత్ వలయంలో విద్యార్థులు

కంటికి కనబడని విద్యుత్తును బోధించడం సులభం కాదు. బల్బు విద్యుత్ప్రవాహాన్ని తినివేస్తుందని, అందువల్ల దాన్ని దాటిన తీగలో ప్రవాహం తగ్గుతుందని పలువురు విద్యార్థులు భావిస్తారు. సూత్రాలను వల్లె వేసినంత మాత్రాన ఈ భ్రమ తొలగదు.

1999లో ప్రారంభమైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ కుప్పం సమీపంలోని 172 ఎకరాల ప్రాంగణంలో గ్రామీణ విద్యార్థులకు ప్రయోగాల ద్వారా విజ్ఞానశాస్త్రాన్ని బోధిస్తున్నది. స్వయంగా చేసి తెలుసుకోవడమే ఆ బోధనకు మూలం. కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో ప్రయోగశాల లేని పాఠశాలలోనైనా అటువంటి పాఠం సాధ్యమే. అందుకు ఆటస్థలం, దోసెడు వేరుశనగ గింజలు చాలు.

ఇరవైమంది విద్యార్థులు ఎలక్ట్రానులుగా వలయాకారంలో నిలిచి, ఒకరి వెనుక ఒకరు నడుస్తారు. బ్యాటరీ పాత్రధారి తన ముందునుంచి సాగే ప్రతివారికి ఒక గింజ ఇస్తాడు. ఎదుటివైపున బల్బు పాత్ర ధరించిన బాలిక దానిని తీసుకొంటుంది. గింజ శక్తికి సంకేతం. ఒక నిమిషంలో బల్బును చేరేవారిని, దాటేవారిని లెక్కిస్తే సంఖ్య సమానం. చేతులు మాత్రం ఖాళీ. ఖర్చయినది శక్తియే గాని ప్రవాహం కాదు. స్విచ్చి పాత్రధారి చేయి అడ్డుపెట్టగానే అందరూ ఆగుతారు. రెండు బల్లల నడుమ దారిని ఇరుకు చేస్తే వలయమంతటా నడక మందగిస్తుంది, అదే నిరోధం.

ఈ ఉపమానానికి హద్దు ఉన్నది. ఎలక్ట్రానులు గింజలను మోసుకొనిపోవు. రాగితీగలో వాటి సగటు గమనం సాధారణంగా సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా స్విచ్చి వేయగానే బల్బు వెలుగుతుంది. తీగ అంతటా ముందే ఉన్న ఎలక్ట్రానులన్నీ దాదాపు ఒకేసారి కదలడమే అందుకు కారణం. వలయంలో నడిచిన విద్యార్థికి ఈ మాట మరల చెప్పనక్కరలేదు.